లాస్తావిత్సా ఎక్కడ?

కొత్త సర్వర్‌కు ప్రాణం వచ్చింది. డింకా తెర వైపు చూసి హమ్మయ్య అనుకుంది. ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు.

పాతది చెడిపోయిన దగ్గర్నుంచి పడవలన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. ఏ పడవ ఎక్కడుందో కనబడకుండా దేన్నీ సముద్రం మీదికి వదలకూడదని మత్స్యకారుల సంఘం ఈమధ్యే నియమం పెట్టుకుంది. స్ప్లిట్ నగరం నుంచి కొత్త సర్వర్ తెప్పించారు. దాన్ని సిద్ధం చేసే పని డింకా నెత్తిన పడింది.

పడవల మీది పరికరాలు పంపే సమాచారాన్ని అది వచ్చింది వచ్చినట్టు పట్టుకోవాలి. పడుతూనే, ఎవరేం అడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. ఒక చేత్తో వండుతూ ఇంకో చేత్తో వడ్డించడం లాంటిది. ఎక్కడ వినాలి, ఎంత గుర్తుంచుకోవాలి, దేన్ని పారేయాలి, అన్నీ పొద్దుటినుంచి దానికి విడమరిచి చెబుతూ కూర్చుంది.

కింద రేవులోంచి షిమె కేక వినిపించింది.

"డింకా! ఇవాళ్టికైనా లేస్తుందా నీ పెట్టె? చేపల్ని ఆగమని కబురు పెట్టమంటావా?"

"పది నిమిషాలు, షిమె బాబాయ్!"

"మా ఆవిడ చీటికీ మాటికీ చెప్పే పది నిమిషాలేనా?"

కింద అందరూ నవ్వారు. డింకా కూడా నవ్వబోయింది. అప్పుడే తెర మీద చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి. అన్నీ రేవులోనే, ఒకదాని పక్కన ఒకటి. ఒక్కటి తప్ప.

దీవి వెనక, పడమటి దిక్కున, ఒంటరిగా ఒక చుక్క. దాని పక్కన పేరు: లాస్తావిత్సా.

ఆ పడవ అక్కడ ఉండకూడదు. దాన్ని నడిపేది లోవ్రె, ఆమె భర్త. వెళ్ళొద్దని గుమ్మానికి అడ్డం నిలబడి మరీ చెప్పింది. ఆగ్నేయం నుంచి జూగో గాలి లేస్తుందంటున్నారు, ఊళ్ళో ఒక్కరూ తాడు విప్పడం లేదు, నీ ఒక్కడికే ఏమిటీ తొందర అని పోట్లాడింది. అతను ఆమెను పక్కకు జరిపి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ ఈల తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది.

లాస్తావిత్సా ఎక్కడ, అని సర్వర్‌ను అడిగింది. ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు. జవాబు వెంటనే వచ్చింది. దీవికి పడమర, ఇంకా దూరంగా పోతోంది. గాలి పెరుగుతోంది. సర్వర్ తన పని చక్కగా చేస్తోంది. దాన్ని కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

మామగారు ఫ్రానె కాఫీ పట్టుకుని లోపలికి వచ్చాడు. డింకా తెరకు అడ్డం జరగబోయింది గానీ ఆలస్యమైపోయింది. ముసలాయనకు కంప్యూటర్లంటే పడదు. కానీ తన పడవ పేరు ఎక్కడున్నా చదవగలడు.

కప్పు బల్ల మీద పెట్టబోయి సగం ఒలకబోశాడు.

"మన పడవే కదూ?"

"మామయ్యా, ముందు మీరు కూర్చోండి."

"మనదా కాదా చెప్పవే!"

"మనదే."

"చూశావా! వాడు సముద్రంలోనే ఉన్నాడని నేను చెప్పలా? ఒక్కరన్నా నమ్మారా నా మాట? రేడియోలో పిలువు వాణ్ణి."

"పిలిచినా పలకడు మామయ్యా."

"కట్టుకున్నదానివి, ఆ మాట ఎలా వచ్చిందే నీకు?"

ఆమె కదలకపోయేసరికి ఆయనే మైకు అందుకున్నాడు.

"లాస్తావిత్సా, లాస్తావిత్సా! ఒరేయ్ లోవ్రె, నేన్రా, నాన్నని. నీ మొండితనం చాలు గానీ, వెనక్కి తిరుగు."

గరగర తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ గరగరే. ఆయన కిటికీలోంచి చూశాడు. ఎదురుగా ఆరేసిన బట్టలు కూడా కదలడం లేదు.

"ఇక్కడ ఇంత నిమ్మళంగా ఉంది. గాలంతా దీవి వెనకే ఉందా?"

డింకా చెప్పాలనుకుంది. కానీ ఒలికిన కాఫీ తుడవడంలో పడింది.

తెర మీద చుక్క గబగబా జరుగుతోంది.

"అంత జోరుగా పోతున్నాడేమిటే?"

"ఆయనెప్పుడూ అంతేగా" అంది. ఆ క్షణంలో ఆమెకు సర్వర్ అక్కర్లేదు, సంఘం అక్కర్లేదు. ఆ మొండిమనిషి ఒక్కసారి ఇంటివైపు తిరిగితే చాలు. తిరుగు, తిరుగు అని తనలో తనే గొణుక్కుంటోంది.

చుక్క నెమ్మదించింది. కాసేపు అక్కడక్కడే తచ్చాడింది. తర్వాత తూర్పుకు వంపు తిరిగింది.

"తిరిగాడు!" ముసలాయన గంతేసినంత పని చేశాడు. "నా గొంతు విన్నాడే! వాడు తడిసి ముద్దై వస్తాడు, వేడివేడిగా చేపల పులుసు పెట్టాలి. నేను పోయి పొయ్యి వెలిగిస్తా. నువ్వు వాణ్ణి కనిపెట్టుకుని ఉండు."

కళ్ళు తుడుచుకుంటూ గబగబా మెట్లు దిగాడు. "మావాడు వస్తున్నాడ్రా షిమె!" అన్న మాట పైకి వినిపించింది. "పద, ఇంటిదాకా నేనూ వస్తా" అన్నాడు షిమె.

డింకా కుర్చీ ముందుకు లాక్కుంది. చుక్క దీవి మొన దగ్గరికి వస్తోంది. అది దాటితే రేవే.

దాచి ఉన్న పాత సమాచారాన్నంతా పోయిన జనవరి నుంచి మళ్ళీ చదువుతున్న ఆ సర్వర్‌ను, ఆనాడు లోవ్రెతో సహా పడవ మునిగిన చోటికి చుక్క చేరకముందే, ఆమె ఆపేసింది.