రాయికి రెండో వైపు

“పడేశారో, చంపుతా!” సున్నం కోసం బట్టీలో కాల్చబోతుంటే కాపాడి తెచ్చిన పాత సమాధిరాయిని కూలీల చేత ఇంట్లో దింపించాడు పండితుడు ఫౌస్తో.

“ఏం రాసుందండీ?” అంది భార్య ఓర్సోలా.

“ఎనిమిదేళ్ళ పిల్లట. తండ్రి చెక్కించాడు, వెయ్యేళ్ళ కిందట.” ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

“మన పిల్ల లివియా పోతే రాని ఏడుపు ఇప్పుడొచ్చిందా? చర్చి నేలలో పేరైనా లేకుండా పడుంది అది. ఈ రాయి తిప్పి వెనక దాని పేరు చెక్కించి అక్కడ వేయించండి. రోములో అందరూ చేసేదేగా!”

“మతిపోయిందా? ఈ అక్షరాలు మట్టిలోకి పోతాయే! ఇక ఎవడు చదువుతాడు?”

“మన పిల్ల పేరు ఎవడు చదువుతున్నాడు?”

ఫౌస్తో గదంతా తిరిగాడు. రాయి దగ్గర ఆగాడు, మళ్ళీ తిరిగాడు.

కూలీలు గడప దాటుతున్నారు.

“ఉండండయ్యా,” అన్నాడు. “బోర్లా తిప్పండి.”