పీకేసిన మడ మొక్కలు

"నా మొక్కలు పీకింది ఎవడ్రా? మొగాడైతే కిందికి దిగు!"

యెసేనియా అరుపుకి మడ కొమ్మల మీది కొంగలు లేచిపోయాయి. మోకాలి లోతు బురదలో నిలబడి, రొయ్యల చెరువు గట్టు మీదున్న కాపలావాడికి వేలు చూపిస్తోంది. చెరువు యజమాని పడవకు దారి కావాలని వాడి మనుషులు తెల్లవారేసరికి మడ మొక్కలన్నీ పీకిపారేశారు. ఎస్మెరాల్డాస్ తీరంలో గుల్లలు ఏరుకునే ఆడవాళ్ళంతా కలిసి, దిగులు జబ్బుతో గది దాటని పిల్లల్ని ఆటు వేళ వెంటబెట్టుకొచ్చి నాటించిన మొక్కలవి.

తల్లి గ్రిసెల్డా బురదలో పడుతూ లేస్తూ దగ్గరికి వచ్చింది.

"పుల్లలేగా, పోనీలేవే. ఇంటికి పద."

"పుల్లలా? నోరు ముయ్యి! నువ్వు నాటావా? ఈ చేతుల్తో నేను నాటా!"

"అబ్బో, మహా నాటావులే!"

"నువ్వు అమ్మవి కాదు, రాక్షసివి!"

పిడికెడు బురద వచ్చి గ్రిసెల్డా మొహాన పడింది. గుల్లలు ఏరేవాళ్ళలో ఒకామె ఆపబోయింది. వాళ్ళ పెద్ద తోమాసా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆగు. కదలకు."

కాపలావాడు పగలబడి నవ్వాడు. "కన్నతల్లిని తిట్టడమేనా మీరు చేసే వైద్యం? ఆసుపత్రికి తీసుకుపోండమ్మా!"

"తీసుకెళ్ళాం. వచ్చే ఏడాది రమ్మన్నారు!" గ్రిసెల్డా వాడి మీద విరుచుకుపడింది. "నా కూతురు నన్ను తిడితే నీకేంట్రా నొప్పి?" మళ్ళీ కూతురి వైపు తిరిగింది. "అంతేనా? ఇంకేం తిడతావే? తిట్టు!"

"సిగ్గులేదే నీకు? వాడు నా మొక్కలు పీకితే వాడి ముందే నన్ను..." యెసేనియా గొంతు జీరబోయింది. దగ్గింది. మళ్ళీ అందుకుంది. "ఇప్పుడే నాటుతా. పీకితే మళ్ళీ నాటుతా. వాడి పడవ నా మీదుగా పోవాల్సిందే!"

వంగి, తేలుతున్న మొక్కనొకదాన్ని తీసి కసిగా బురదలో గుచ్చింది. తోమాసా వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. వెనకాలే మిగతావాళ్ళు. పడవ పోవాల్సిన కాలవకు అడ్డంగా ఆడవాళ్ళ వరస పెరిగేకొద్దీ కాపలావాడి నవ్వు చచ్చిపోయింది. గొణుక్కుంటూ గట్టు అవతలికి దిగిపోయాడు.

గ్రిసెల్డా ఉన్నచోటే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"రాక్షసి అందక్కా నన్ను..."

"విన్నానే," అంది తోమాసా, తనూ కళ్ళు తుడుచుకుంటూ.

ఏడాదిగా ఒక్క మాటా మాట్లాడని ఆ పిల్ల నోరు విప్పింది ఆ పొద్దునే.