తుర్రుమనడం

కోసిగి బడిలో నాలుగో తరగతి పిల్లలకు రమ్యశ్రీ టీచర్ తెలుగు పాఠం చెబుతోంది. బోర్డు మీద ‘తుర్రుమను’ అని రాసి, అంటే ఒంట్లో బరువే లేనట్టు చటుక్కున వెళ్లిపోవడమని వివరించింది. సొంత వాక్యాలు చెప్పమంటే పిల్లలు పిచ్చుక తుర్రుమందనీ, ఉడుత తుర్రుమందనీ చెప్పుకొచ్చారు.

అమ్మతో మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయి, మూడు నెలల తరువాత ఆరోజే బడికి వచ్చిన భువన లేచి నిలబడింది.

“మా అమ్మ తుర్రుమనింది.”

తరగతి గొల్లుమంది. “లేచిపోయిండాదంట!” అని వెనక నుంచి ఎవరో అన్నారు. టీచర్‌కూ నవ్వొచ్చింది కానీ అణచుకుంది.

“అమ్మను అట్లా అనకూడదు భువనా. మనుషులకు వాడితే చెప్పకుండా పారిపోయారని అర్థం వస్తుంది. ఇంకో వాక్యం చెప్పు.”

“పారిపోలేదు మేడం. వాపసు వచ్చేటప్పుడు లారీలో మూటల మీద కూచొనింటిమి. చక్రం గుంతలో పడె. మా అమ్మ అరసను గూడ లేదు. మీరు చెప్పినట్లే పోయె.”

నవ్వులు ఆగిపోయాయి. ఆ తల్లి చనిపోయిన సంగతి టీచర్‌కు ఎవరూ చెప్పలేదు. ఆమె సుద్దముక్క పక్కన పెట్టి వెళ్లి, పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

“నీ వాక్యం సరైందే తల్లీ. కూర్చో.”

భువన కూర్చోలేదు. టీచర్‌కు మాత్రమే వినబడేంత మెల్లగా అంది.

“నా చెయ్యి గట్టిగా పట్టుకొనుండె మేడం. నొస్తాండాదని నేనే ఇడిపించుకొంటి.”