తొమ్మిదింటి పాఠం

“ఒక్కసారి మీరు ఊది చూపించండి సార్. విని పట్టుకుంటాను,” అంది బిందు.

వీరబ్రహ్మం మాస్టారు కండువా మూతికి అడ్డం పెట్టుకునే తల ఊపారు, కాదన్నట్టు. “ఇవాళ వద్దమ్మా. పంటి నొప్పి. స్వరం చెప్తాను, నువ్వే ఊదు.”

మూడు నెలలుగా అదే పంటి నొప్పి. మాట కూడా ముద్దముద్దగా వస్తోంది. కాఫీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టేస్తున్నారు. ఆ పన్నేదో పీకించుకోవచ్చుగా అనుకుంది బిందు, క్లారినెట్ నోటికి ఆనించుకుంటూ.

తెనాలి చుట్టుపక్కల మాస్టారి పేరు తెలియనివాళ్ళు లేరు. తండ్రి వెంట పెళ్ళిమేళాల్లో మొదలుపెట్టి రేడియో కచేరీల దాకా వెళ్ళిన మనిషి. ముప్పై ఏళ్ళుగా బాపట్ల సంగీత సభలో ఆయన క్లారినెట్ మోగని ఏడు లేదు. అక్కడ ఆయన పక్కన కూర్చుని ఊదే చోటు ఏటా శిష్యుల్లో ఒక్కరికే. నాలుగేళ్ళుగా ఆదివారం ఆదివారం కొలకలూరు నుంచి బస్సెక్కి వస్తున్న బిందుకు ఆ చోటు మీదే ప్రాణం.

తొమ్మిది దాటింది. గేటు కిర్రుమంది.

“రేపల్లె రైలు ఆలస్యమైందండి,” అంటూ వెన్నెల చెప్పులు విడిచింది. జడలో ఉప్పునీటి తడి ఇంకా ఆరలేదు.

మాస్టారి కళ్ళు వెలిగాయి. “రామ్మా, లోపలికి రా.”

బిందు పాఠం ఎనిమిదింటికి, వరండాలో. వెన్నెల పాఠం తొమ్మిదింటికి, గదిలో, తలుపు మూసి. బిందు కడుపు మండేది అక్కడే.

రెండేళ్ళ కిందట ఈ వరండాలోనే కదా ఈ పిల్ల మొదటిసారి ఊదింది! కీచుమంది. బిందు పకపకా నవ్వింది.

“ఇదివరకు ఏమైనా నేర్చుకున్నావా?” అని అడిగితే, “లేదక్కా. మా అన్నతో పందెం కాసి సముద్రంలో మునిగి వంద లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపడతాను,” అంది.

“అయితే చేపలకి వినిపించు, పో!”

ఆ తర్వాత ఆ పిల్ల ఊదగా బిందు వినలేదు. వినాలనీ అనుకోలేదు.

ఇవాళ మాత్రం బిందు చెప్పు పట్టీ పెట్టుకుంటున్నట్టు వంగి, అక్కడే ఆగింది. పది నిమిషాలు గడిచాయో లేదో మూసిన తలుపు వెనక ఖరహరప్రియ మొదలైంది. గుండెను చేత్తో పట్టి పిండినట్టుంది.

పంటి నొప్పి బిందు పాఠానికొక్కదానికే అన్నమాట!

ఆ రోజు బస్సు వదులుకుని గేటు దగ్గరే కాపు కాసింది.

“ఏంటే వెన్నెలా, గంటసేపూ సారే ఊదుతుంటే నువ్వేం చేస్తావు? గోళ్ళు గిల్లుకుంటావా?”

వెన్నెల తల దించుకుంది. “లోపలి సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారక్కా సార్.”

“అబ్బో! రహస్యాలు కూడానా!”

మరుసటి ఆదివారం మాస్టారు గొంతు సవరించుకుని నెమ్మదిగా చెప్పారు. “బాపట్లలో ఈసారి వెన్నెల కూర్చుంటుందమ్మా. నువ్వు శ్రుతిపెట్టె చూసుకో.”

నాలుగేళ్ళ సాధనకు శ్రుతిపెట్టె!

ఇంటికెళ్ళి మంచమెక్కితే నాయనమ్మ సుబ్బాయమ్మ తల నిమిరింది. “ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారటే? లేచి అన్నం తిను.”

“నాకొద్దు. ఆ విద్యే వద్దు. ఆయనిచ్చిన క్లారినెట్ ఆయన మొహాన పెట్టేసి వస్తా. ఆ పిల్ల చూస్తుండగానే ఇచ్చేస్తా.”

“ఆయన గురువమ్మా, తప్పు!”

“ఆయన చేసింది తప్పు కాదా?”

తర్వాతి ఆదివారం ఎనిమిదింటి పాఠానికి కావాలనే వెళ్ళలేదు. తొమ్మిదిన్నరకి, క్లారినెట్ పెట్టె చంకన పెట్టుకుని గేటు తోసింది. గది తలుపు మూసే ఉంది. లోపల రాగం మంచి ఊపులో ఉంది.

పై షడ్జం మీద నాదం నిలిచింది. నిలిచి, నిలిచి, సన్నబడి, తెగకుండానే మళ్ళీ కిందికి జారింది. అరవై దాటిన మనిషికి ఇంత ఊపిరి ఎక్కడిది! తిట్టాలని వచ్చిన బిందు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ జిల్లాలో ఇలా ఊదేవాళ్ళు ఇంకెవరున్నారు? ఇంత విద్య దగ్గర పెట్టుకుని నాలుగేళ్ళ శిష్యురాలికి చారెడు పంచడానికి చేతులు రాలేదే. నిన్నగాక మొన్న వచ్చినదానికి దోసిళ్ళతో పోస్తున్నారే!

కళ్ళు తుడుచుకుని, తలుపు బాదడానికి పిడికిలి ఎత్తింది.

వెనక గేటు కిర్రుమంది.

“పొద్దున పాఠానికి రాలేదేంటమ్మా బిందూ?”

వెనక్కి తిరిగింది. మందుల షాపు కవరు పట్టుకుని మాస్టారు నిలబడి ఉన్నారు. కండువా భుజం మీదికి జారిపోయింది. ఆయన మూతి ఎడమ పక్కకి వంకర తిరిగి ఉంది.

లోపల క్లారినెట్ ఆగలేదు.