ప్రెస్ గ్యాలరీ

“మొదటి రౌండ్లోనే ఓడిపోతుందని రాశారేంటండీ? మీ అమ్మాయి కదా!” అన్నాడు సబ్ ఎడిటర్, రేపు మొదలయ్యే టెన్నిస్ టోర్నమెంటు జోస్యాల పేజీ చూస్తూ.

“అవతల నిరుటి ఛాంపియన్. మొహమాటానికి గెలుస్తుందని రాయమంటావా?” అన్నాడు స్పోర్ట్స్ విలేకరి.

అంతలో కూతురే ఫోన్ చేసింది. భార్య పోయాక ఆ తండ్రీకూతుళ్ళ మధ్య ఆట గురించి తప్ప వేరే మాటలు లేవు.

“నా గురించి ఏం రాశావు నాన్నా?”

“రెండు సెట్లలో అయిపోతుందని. నీ బ్యాక్‌హ్యాండ్ ఇంకా...”

“నిజమేలే, నేనూ అదే అనుకుంటున్నా. రేపు వస్తున్నావా?”

“రాకేం? ఎప్పటిలాగే ప్రెస్ గ్యాలరీలో ఉంటాగా.”

“అక్కడ చప్పట్లు కొట్టనివ్వరుగా నాన్నా.” అంది కూతురు. “నా తరఫు వాళ్ళకని కోర్టు పక్కన నాలుగు కుర్చీలు వేస్తారు. ఏ ఊరెళ్ళినా ఖాళీయే. అటు చూడకుండా ఆడటం అలవాటైపోయింది.”

ఆమె మ్యాచ్ ఒక్కటీ వదల్లేదని ఆయన ఇన్నాళ్ళూ గర్వపడ్డాడు.

ఫోన్ పెట్టేసి, మెడలోంచి ప్రెస్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

“పేజీలో ఏమీ మార్చకు. రేపటి మ్యాచ్ మాత్రం నువ్వు రాయవయ్యా. నేను మా అమ్మాయి తరఫు.”