పరదాకు దండం

"దిగుండ్రి, బీబీ. కోడలు పొద్దటి సంది నొప్పులు పడుతున్నది" అంటూ మాణిక్యమ్మ ఇంటి ముందు ఆగిన పరదా బండికి దండం పెట్టింది.

బండి లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. తహసీల్దారు బేగంకు పురుడు పోసిన నన్నే బీ అనే మంత్రసాని జల్‌పల్లి నుంచి వస్తున్నదని కబురు. అంత మనిషి పిలవగానే దిగితే ఆ గొప్పేం గొప్ప? మాణిక్యమ్మ వాకిట్లో తెల్ల దుప్పటి పరిపించింది.

అంతలో చంకలో మూట, మోకాళ్ల దాకా దుమ్ముతో ఒక ముసలామె గడప దగ్గరికి వచ్చింది.

"పక్కకు జరుగు. బిచ్చం తర్వాత ఏస్త."

"బిచ్చం వద్దమ్మా. కోడలు ఏ అర్రల ఉన్నది?"

"నీకెందుకు? దుప్పటి తొక్కకు. గొప్పోళ్లు దిగుతున్నరు."

లోపల కోడలు కేక పెట్టింది. ముసలామె అడుగు వేయబోతే మాణిక్యమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

పరదా కదిలింది. మాణిక్యమ్మ మళ్లీ వంగి దండం పెట్టింది. పరదా సందులోంచి ముందు గడ్డం, తర్వాత కొమ్ములు బయటికొచ్చాయి.

బావి దగ్గర నీళ్లు తాగి వచ్చిన బండివాడు పాషా మియా నవ్వు ఆపుకున్నాడు. "దర్గాకు మొక్కిన మేకపోతు, దొరసానీ. ఎండ తగలొద్దని పరదా కట్టిన."

ముసలామె అడ్డం ఉన్న చేతిని పక్కకు నెట్టి, దుమ్ము కాళ్లతోనే దుప్పటి తొక్కుతూ లోపలికి నడిచింది.

"నన్నే బీని నేనే. వేడినీళ్లు తెప్పియ్యి" అన్నది, వెనక్కి తిరగకుండానే. "గా మేకకు జర ఆకు వెయ్యి. గంతసేపు దండాలు పెట్టినవ్."