పక్కదారి లేని నాళం

"అపెండిక్స్‌కు నెత్తురు తెచ్చే నాళాలెన్ని?"

"ఒక్కటే సార్."

"అది మూసుకుంటే పక్కదారి?"

"లేదు సార్."

హిందూపురంలో సర్జన్ కేశవమూర్తి దగ్గర పనంటే ఇదే. ముందు ప్రశ్నలు, తర్వాతే కత్తి. ఒక్క జవాబు తప్పినా ఆ రోజుకు దూరంగా నిలబడి చూడాల్సిందే. ధర్మవరం పట్టుదారం తెప్పించి, కుర్చీ కాలికి ముళ్లు వేయించి మరీ నేర్పిస్తాడు. డాక్టర్ ప్రత్యూష రెండేళ్లుగా ఆ చాకిరీ చేస్తోంది. ఈ రోజు మొదటిసారి సొంతంగా ఆపరేషన్ చేయాలి.

"భయంగా ఉంది సార్. బెంగళూరైతే మేలు."

"రెండున్నర గంటల దారి. ఆలోపల పగిలితే మనిషి దక్కడు. ఈ పొద్దు నా చేతులు పనికిరావు. నువ్వే చెయ్యల్ల. మత్తు డాక్టరు పెనుకొండ దాటినాడంట."

ఆయన కుర్చీలోంచి లేవలేదు. నర్సు అక్కమ్మ తెచ్చిన కాఫీ ముట్టలేదు. నుదురు తుడుచుకున్నాడంతే.

పేషెంటు భార్య కన్యకమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. సంతకం పెట్టాల్సిన కాగితం ఆమె చేతిలో అలాగే ఉంది.

"నిన్నంతా గ్యాసని వాము నీళ్లు తాగినారు. ఇప్పుడు నొప్పే లేదంట గదా. ఇంగ కోసేదెందుకు?"

"వాము నీళ్లా! తెలివితక్కువోడు," అన్నాడు కేశవమూర్తి. ఆమెకు నువ్వే చెప్పు అన్నట్టు ప్రత్యూష వైపు చూశాడు.

"నెత్తురు ఆగిపోయింది కాబట్టే నొప్పి పోయిందమ్మా. అపెండిక్స్ లోపల చచ్చిపోయింది. చచ్చినదానికి నొప్పి తెలీదు. ఇంకాసేపుంటే పగిలి, చీము కడుపంతా పాకుతుంది."

కన్యకమ్మ ఏడవలేదు. ఎవరి గురించో విన్నట్టు విని, కాగితం గోడకు ఆనించి సంతకం పెట్టింది.

"మొదట ఏం చేస్తావు?" కేశవమూర్తి వదల్లేదు.

"నాళం కడతాను. ఆ తర్వాతే కోస్తాను."

"ముడి జారితే?"

"నాళం లోపలికి పోతుంది. కడుపులో నెత్తురు కారుతుంది. అందుకే మూడు ముళ్లు వేస్తాను."

జవాబులు వాటంతటవే వస్తున్నాయి. ప్రత్యూషకు భయం కూడా మొద్దుబారిపోయింది. బయట కారు ఆగింది. మత్తు డాక్టరు మెట్లెక్కి వస్తున్నాడు.

"మీరు నా ఎదురుగానే ఉంటారు కదా సార్?"

"యాడికి పోతాను? ఈడనే ఉంటా."

కేశవమూర్తి కుర్చీ పట్టుకుని నెమ్మదిగా లేచి, కళ్లద్దాలు తీసి కన్యకమ్మ చేతికిచ్చి, చొక్కా విప్పి, పక్కగదిలో ఆపరేషన్ టేబుల్ మీద వెల్లకిలా పడుకున్నాడు.